పేషెంట్లతో ఇబ్బంది లేదు, చూడ్డానికి వచ్చేవాళ్లతోనే – నర్సులూ, మీ వార్డుల్లో ఎలా ఉంది?

నైట్‌డ్యూటీ రమ | ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నేను కోస్తాలో ఒక ప్రభుత్వ ఆస్పత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని, తొమ్మిదేళ్ల సర్వీసు. గురువారం రాత్రి జరిగింది ఇంకా మనసులోంచి పోవట్లేదు. ఇంట్లో చెబితే "ఉద్యోగం మానెయ్" అంటారు తప్ప పూర్తిగా వినరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

పక్షవాతం వచ్చిన పేషెంట్, అరవైకి దగ్గరలో ఉంటారు. మింగడం రావట్లేదు కాబట్టి ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి రెండు గంటలకోసారి పాలు, జావ పంపిస్తున్నాం. మంచానికి "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని అట్ట కట్టి ఉంది, తెలుగులోనే, పెద్ద అక్షరాల్లో. భార్య ఆరు రోజుల నుంచి మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటోంది, ఫీడ్ టైమ్ నాకంటే ముందు ఆవిడకే గుర్తుంటుంది. ఆ రాత్రి పదకొండు దాటాక ఊళ్లోంచి ఏడెనిమిది మంది దిగారు, ఏదో పెళ్లికి వచ్చి అటునుంచి అటే వచ్చారట. సెక్యూరిటీ ఒక్కడే, గేటు దగ్గర ఆపలేకపోయాడు. నేను అవతలి వరసలో ఒకావిడకి సెలైన్ లైన్ పోతే కొత్త కాన్యులా (సూది గొట్టం) వేస్తున్నా. ఇటు తిరిగేసరికి ఆయన బావమరిది మంచం మీద కూర్చుని, తల ఎత్తిపట్టి గ్లాసుతో టీ తాగిస్తున్నాడు. "ఆరు రోజులుగా నోట్లో చుక్క పడలేదట, మనిషిని ఎండబెట్టి చంపుతున్నారు" అంటూ.

పరిగెత్తా. అప్పటికే దగ్గు, ఊపిరి అందట్లేదు, పెదాలు నల్లబడ్డాయి, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 82కి పడిపోయింది. "అందరూ జరగండి" అని అరిచా. అవును, అరిచాను, గొంతులోకి పోయింది లాగేసే సక్షన్ మిషన్ మంచం దగ్గరికి తేవాలంటే దారి కావాలి. ఆ మనిషి జరగలేదు. నా మెడలో ఐడీ కార్డు తాడు పట్టుకుని లాగి "ఎవరి మీద అరుస్తున్నావే" అన్నాడు. తాడు ఒరుసుకుపోయి మెడ మీద ఎర్రగా గీత పడింది, ఈ రోజుకీ ఉంది. ఇంకో కుర్రాడు ఫోన్ తీసి వీడియో. డ్యూటీ డాక్టర్ గారు క్యాజువాలిటీలో ఉన్నారు, ఆయన వచ్చేలోపు నేనూ ఆయా కలిసి పేషెంట్‌ని పక్కకి తిప్పి, సక్షన్ చేసి, ఆక్సిజన్ పెట్టాం. శాచురేషన్ 93కి వచ్చింది. వాళ్లు మాత్రం "నర్సు గొడవ పెట్టుకోవడం వల్లే ఆయాసం వచ్చింది" అని డాక్టర్‌కి చెప్పారు.

తెల్లవారుజామున నాలుగింటికి యాంటీబయాటిక్ కలుపుతుంటే చెయ్యి వణికి వయల్ జారి పగిలింది. ఆయన భార్య వచ్చి గాజు పెంకులు ఏరబోయింది, నేను వద్దన్నా. నా మొహంలోకి చూడలేదు. వాళ్లని ఒక్క మాట అనలేకపోయింది ఆవిడ, రేపు ఖర్చులకి వాళ్ల దగ్గరే చెయ్యి చాపాలి కదా.

ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెబితే "వాళ్లకి రాజకీయ నాయకుల అండ ఉంది, వదిలెయ్ అమ్మా" అన్నారు. మీరైతే ఏం చేస్తారు? రాసి ఇవ్వాలా, ఊరుకోవాలా?

పెద్దక్క | ఆదివారం, ఉదయం 10:40

రమా, తల్లీ, ముందు ఆ మెడ మీద గీత మానిపోకముందే మీ క్యాజువాలిటీలోనే చూపించుకుని ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి పనికొచ్చే మెడికో లీగల్ రికార్డు) రాయించుకో. ఫోటో కూడా తీసి పెట్టుకో. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను 32 ఏళ్లు చేసి హెడ్ నర్సుగా రిటైరయ్యా. మన ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే ఆస్పత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడులు ఆపడానికి చట్టం వచ్చింది, తెలంగాణలో కూడా అదే నడుస్తోంది. అది డాక్టర్లకే అనుకుంటారు చాలామంది, మన ఇన్‌ఛార్జి సిస్టర్లతో సహా. నర్సులు, నర్సింగ్ స్టూడెంట్లు, పారామెడికల్ వాళ్లు అందరూ అందులో ఉన్నారు. 3 ఏళ్ల వరకు జైలు, 50,000 వరకు జరిమానా, బెయిల్ సులువుగా రాని కేసు. సామాను పగలగొడితే దాని ఖరీదుకి రెట్టింపు కట్టాలి. మెడలో తాడు పట్టి లాగడం అంటే దాడే, ఇందులో అనుమానం ఏమీ లేదు.

కార్పొరేట్ సిస్టర్ | ఆదివారం, ఉదయం 11:05

చట్టం సరే అక్కా, కేసు పెట్టేది ఎవరు? మా దగ్గర పేషెంట్ తమ్ముడు బిల్లు చూసి కోపంతో ఫైల్ నా మొహం మీద విసిరాడు. బిల్లు వేసింది నేనా? మందుల ధర నేను పెట్టానా? వాళ్లకి బిల్లింగ్ కౌంటర్ అద్దం వెనక ఉంటుంది, మేనేజ్‌మెంట్ పై అంతస్తులో ఉంటుంది, ఎదురుగా చేతికి అందేది నర్సే. మరుసటి రోజు నన్నే పిలిచి "అటెండెంట్స్‌కి సారీ చెప్పు, ఆన్‌లైన్‌లో రేటింగ్ తక్కువ ఇస్తారు" అన్నారు. చెప్పాను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఉద్యోగం మాననని రాసిచ్చిన బాండ్ ఇంకా ఎనిమిది నెలలుంది. ఆ సారీ చెప్పిన రోజు అన్నం తినలేకపోయాను.

పాపల వార్డు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

రమ గారూ, చదువుతుంటే గుండె దడదడలాడింది. ఆ టీ సంగతి మాకు వేరే రకంగా ఉంటుంది. నేను నవజాత శిశువుల యూనిట్‌లో ఉన్నా. మాకు తేనెతో గొడవ.

1,700 గ్రాముల పాప. నెలలు నిండలేదు, కామెర్లకి ఫొటోథెరపీ లైట్ కింద పెట్టాం, కళ్లకి గంతలు కట్టి. తల్లి సిజేరియన్ కుట్లతో వీల్‌చైర్‌లో వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మేం చెప్పినట్టే పాలు పిండి ఇస్తోంది. ఒక రోజు డ్యూటీలు మారే టైమ్‌లో నాయనమ్మ తరఫు పెద్దావిడ ఒకరు ఎలాగో లోపలికి వచ్చేశారు. నేను చూసేసరికి కళ్ల గంతలు తీసేసి ఉన్నాయి, ఆవిడ వేలు తేనె సీసాలో ముంచి పాప నోట్లో పెడుతోంది, వెనక మనవడు ఫ్లాష్ వేసి ఫోటో. ఆ వేలి గోరు కింద మట్టి. ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

"మా ఇంట్లో పుట్టిన అందరికీ తేనె నాకించాం, ఎవరికీ ఏమీ కాలేదు, నువ్వు నిన్న చదువుకొచ్చి మాకు చెబుతావా" అన్నారు. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఒళ్లంతా మెత్తబడిపోయి ఊపిరి కూడా ఆడకుండా పోవచ్చు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఇదంతా నేను మెల్లగానే చెప్పా. ఆవిడ వినలేదు, తల్లి వైపు తిరిగి "నీ కూతుర్ని వీళ్ల చేతుల్లో పెట్టావు, ఇక నీ ఇష్టం" అని శాపం పెట్టినట్టు అనేసి వెళ్లిపోయింది. ఆ తల్లికి రెండు రోజులు పాలు సరిగ్గా పడలేదు. నన్ను తిట్టినదానికి నాకు బాధ లేదు, దీనికే బాధ.

అటెండెంట్ కొడుకు | ఆదివారం, మధ్యాహ్నం 1:48

నేను నర్సుని కాదు, క్షమించండి, కానీ రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. పోయిన ఏడాది మా నాన్నని 19 రోజులు ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఉంచాం. స్ట్రెచర్ తోయడానికి డబ్బు అడిగారు, స్కానింగ్‌కి తీసుకెళ్లడానికి డబ్బు అడిగారు. డాక్టర్ పొద్దున రెండు నిమిషాలు వచ్చి ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్లిపోతారు. సిస్టర్‌ని "మా నాన్నకి ఎలా ఉంది" అని అడిగితే "డాక్టర్‌ని అడగండి", డాక్టర్ కనపడరు. సెలైన్ అయిపోయిందని మూడుసార్లు పిలిస్తే నాలుగోసారి "ఒక్కడే పేషెంటా మాకు" అని కసిరారు. నేను ఎవరినీ ఒక్క మాట అనలేదు, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కానీ నా బదులు మా బాబాయి ఉంటే గొడవ చేసేవాడు, ఆయన గొడవ చేస్తే పని జరిగేది. ఇది కూడా నిజం. మూడో రోజు మా మేనమామ వచ్చి గట్టిగా అరిచాకే స్కానింగ్ అయింది. అరిస్తేనే పని జరుగుతుందని జనానికి నేర్పింది ఎవరు?

రమ గారి మెడ పట్టుకున్నవాడిని నేను సమర్థించట్లేదు. అది నేరం.

నైట్‌డ్యూటీ రమ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

అన్నా, మీరు రాసింది నిజం. డబ్బు అడిగేవాళ్లు మా దగ్గరా ఉన్నారు, వాళ్ల వల్ల మాకు మొహం చెల్లట్లేదు. కసరడం కూడా నిజమే, నేనూ కసిరిన రోజులున్నాయి. జనరల్ వార్డుకి ఆరుగురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని కాగితం మీద లెక్క. గురువారం రాత్రి మా వార్డులో 46 మంది పేషెంట్లు, నేల మీద పరుపులతో కలిపి, నర్సులం ఇద్దరం. ఇందులో రెండో సిస్టర్ రక్తం ఎక్కించే పేషెంట్ దగ్గరే మొదటి పావుగంట కదలకుండా నిలబడాలి, రియాక్షన్ వస్తే అప్పుడే తెలిసేది. మీరు మూడుసార్లు పిలిచినప్పుడు ఆ సిస్టర్ ఎక్కడ నిలబడి ఉందో మీకు కనపడదు, మీరు మెట్ల మీద ఏడ్చింది ఆవిడకి కనపడదు.

కానీ ఒకటి అడుగుతా, మీరు 19 రోజులు పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు, అరిచింది మూడో రోజు వచ్చిన మేనమామ. నా తొమ్మిదేళ్లలో నేను చూసింది కూడా ఇదే. రాత్రుళ్లు మేలుకుని, బెడ్‌పాన్ ఎత్తి, ట్యూబ్ ఫీడ్ నేర్చుకున్నవాళ్లు మా మీద చెయ్యెత్తరు. అరగంట కోసం వచ్చినవాళ్లే.

పెద్దక్క | ఆదివారం, మధ్యాహ్నం 2:52

రమ మాట నూటికి నూరుపాళ్లు. ఇన్నాళ్లూ రాలేదే అని నలుగురూ అనుకుంటారని ఆ వచ్చినవాడికి లోపల పొడుస్తూ ఉంటుంది. వచ్చాక ఏదో ఒకటి చేసినట్టు కనపడాలి. డాక్టర్ మీద అరవడానికి భయం. మిగిలింది నర్సు, ఆడమనిషి, ఒంటరిగా ఉంది.

క్యాజువాలిటీ బ్రదర్ | ఆదివారం, సాయంత్రం 5:10

ఆడమనిషి అనే కాదు అక్కా, నేను మగ నర్సుని, నన్నూ కొట్టారు. యాక్సిడెంట్ కేసు, తెచ్చేటప్పటికే ప్రాణం లేదు, ఈసీజీ గీత తిన్నగా వస్తోంది. పాతికమంది కుర్రాళ్లు వెంట వచ్చారు. డాక్టర్ చెప్పిన మరుక్షణం ఒకడు ఐవీ స్టాండ్ తీసుకుని నా భుజం మీద వేశాడు. కోపం కూడా రాలేదు నాకు, వాడు వెంటనే కింద కూర్చుని వాళ్ల అన్న పాదాలు పట్టుకుని ఏడ్చాడు.

అలాంటివాడి సంగతి వేరు. కానీ కొందరు రోగికి సంబంధమే లేనివాళ్లు ఉంటారు, "నేను ఎవరో తెలుసా" అని ఫోన్ మన చెవి దగ్గర పెడతారు, "అన్నతో మాట్లాడు" అని. ఆ ఫోన్ తీసుకోకండి. "సూపరింటెండెంట్ గారితో మాట్లాడమనండి" అని నంబర్ ఇచ్చేయండి, అంతే.

కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పేవి కొన్ని. గొడవ మొదలవుతోందనిపిస్తే మీకూ వాళ్లకీ మధ్య ట్రాలీ ఉండాలి, తలుపు మీ వెనక ఉండాలి, మూలకి వెళ్లకండి. ఐడీ కార్డు తాడు లాగితే ఊడిపోయే క్లిప్ రకం దొరుకుతుంది, అది కొనుక్కోండి, రమ గారికి జరిగినట్టు జరగదు. స్టెతస్కోప్ మెడలో వేసుకోకండి, జేబులో పెట్టుకోండి. గుంపులో ఏడుస్తున్నవాడితో కాదు, కాస్త పెద్దవయసు ఉండి నెమ్మదిగా ఉన్న ఒక్కరిని పట్టుకుని "బాబాయ్, మీరొక్కరు రండి, నేను చెబుతా" అని పక్కకి తీసుకెళ్లండి. చాలాసార్లు ఆయనే మిగతావాళ్లని బయటికి పంపిస్తాడు.

ఓరుగల్లు సిస్టర్ | ఆదివారం, రాత్రి 8:15

చెయ్యి చేసుకోవడం గురించే మాట్లాడుతున్నారు, నాకు జరిగింది ఎవరికీ కనపడని రకం. పోస్ట్ ఆపరేటివ్ వార్డులో ఒక ముసలావిడని చూడ్డానికి వాళ్ల అత్తగారి వైపు ఎవరో వచ్చారు. నేను ముసలావిడకి స్పూన్‌తో నీళ్లు పట్టిస్తున్నా. వచ్చినామె చాలా నెమ్మదిగా, నవ్వుతూనే, "మీరేమిట్లమ్మా" అని నా కులం అడిగింది. నేను చెప్పాను, దాచుకోవాల్సింది ఏముంది. ఆమె నా చేతిలోంచి స్పూన్ తీసుకుని "నేను పట్టిస్తాలే" అంది. సాయంత్రానికి ఆ స్పూన్, గ్లాసు రెండూ మారిపోయాయి. కొత్త స్టీలువి.

ఆ ముసలావిడకి మూడు రోజులుగా ఒళ్లు తుడిచింది నేను, డ్రెస్సింగ్ మార్చింది నేను. ఆమె ఏమీ అనలేదు, వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది కూడా. అయినా ఆ కొత్త గ్లాసు నాకు ఇంకా గుర్తే. దీనికి ఎవరికి రాసి ఇవ్వాలి?

పాపల వార్డు | ఆదివారం, రాత్రి 8:31

అక్కా… ఏం రాయాలో తెలియట్లేదు. మీ చేతికి నమస్కారం.

ఉద్దానం అబ్బాయి | ఆదివారం, రాత్రి 9:40

నాది శ్రీకాకుళం జిల్లా, డయాలసిస్ యూనిట్‌లో చేస్తున్నా. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. మా వైపు మంచి మనసుతోనే ప్రమాదం చేస్తారు. రోగిని చూడ్డానికి ఖాళీ చేతులతో రాకూడదు కదా, తోటలో కొబ్బరిబొండాలు కోసుకుని తెస్తారు. మామూలు మనిషికి అమృతమే. కిడ్నీలు పనిచేయనివాళ్లకి కొబ్బరినీళ్లలో పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుని గుండె కొట్టుకోవడమే ఆగిపోవచ్చు. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో దాదాపు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఇవాళ డయాలసిస్ అయిపోయి ఎల్లుండి రావాల్సిన మనిషి మధ్యలో రెండు బొండాలు తాగితే ఎలా?

ఒకసారి మంచం కింద నాలుగు బొండాలు దొరికాయి. తీసి బయట పెట్టించా. తెచ్చినాయన పేషెంట్‌కి చిన్నప్పటి స్నేహితుడు, సైకిల్ మీద తెచ్చాడట. నా మీద ఇంతెత్తున లేచాడు, "తాగడానికి నీళ్లు కూడా ఇవ్వనివ్వవా" అని కాలర్ పట్టుకోబోయాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి, మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల స్నేహితుడి రక్తం గొట్టంలోంచి బయటికి వచ్చి ఫిల్టర్‌లో తిరిగి వెనక్కి వెళ్లడం చూపించా. నాలుగు గంటలు ఇలా తిరిగితేనే మీరు తెచ్చిన ఆ ఒక్క బొండం బయటికి పోతుంది తాతా అని చెప్పా. చాలాసేపు ఆ గొట్టం వంకే చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు ఆయనే వేరేవాళ్లు బొండాలు తెస్తే గేటు దగ్గర ఆపుతున్నాడు.

అందరికీ ఇలా చెప్పే టైమ్ మనకి ఉండదు, అది తెలుసు. ఆ రోజు మిషన్లు రెండు ఖాళీగా ఉన్నాయి కాబట్టి చెప్పగలిగా.

డల్లాస్ శ్రీను | సోమవారం, ఉదయం 6:55

రాత్రి నుంచి ఈ చర్చ చదువుతున్నా. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. పెద్దక్క గారూ, మీరు చెప్పిన ఆ మూడో రోజు మనిషిని నేనే.

మా అమ్మకి గుండెపోటు అని ఫోన్ వస్తే దొరికిన టికెట్ పట్టుకుని రెండు ఫ్లైట్లు మారి వచ్చా, 30 గంటలు నిద్ర లేదు. ఐసీయూ దగ్గరికి వెళ్తే విజిటింగ్ టైమ్ కాదు, సాయంత్రం అయిదింటికి రమ్మన్నారు ఆ సిస్టర్. పాతికేళ్లు ఉంటాయేమో ఆ అమ్మాయికి. నేను కారిడార్ అంతా వినపడేలా అరిచా. ఎంత ఖర్చు పెడుతున్నానో చెప్పా, అక్కడైతే మిమ్మల్ని కోర్టుకి లాగేవాళ్లు అన్నా, ఇంగ్లీషులో తిట్టా. ఆ అమ్మాయి ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, తలుపు అద్దం దగ్గర కర్టెన్ పక్కకి జరిపి, అమ్మ మంచం నాకు కనపడేలా చేసింది. అమ్మ నిద్రపోతోంది. జడ అల్లి ఉంది. మా అక్క అల్లిందేమో అనుకున్నా, కాదు, ఆ సిస్టరే అల్లిందట, మానిటర్ వైర్లలో జుట్టు చిక్కుకోకుండా.

అమ్మ బాగానే ఉంది ఇప్పుడు. నేను ఆ సిస్టర్‌కి క్షమాపణ చెప్పకుండానే తిరిగి వచ్చేశా. పేరు కూడా తెలుసుకోలేదు. ఒక్క మాట అడుగుతా, నాలాంటివాడు వచ్చినప్పుడు గొడవ కాకుండా ఏం చేసి ఉండొచ్చు? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

పెద్దక్క | సోమవారం, ఉదయం 7:30

బాబూ, చెప్పినందుకు సంతోషం. ఆ ఆస్పత్రికి ఒక ఉత్తరం రాయి, వచ్చిన తేదీ, ఐసీయూ, షిఫ్టు రాస్తే డ్యూటీ రిజిస్టర్‌లో ఆ అమ్మాయి పేరు దొరుకుతుంది. తిట్టినట్టు కంప్లైంట్లు ఫైల్లో బోలెడు ఉంటాయి, మంచి మాట రాసిన కాగితం ఒక్కటి ఉంటే ఆ పిల్లకి ప్రమోషన్ టైమ్‌లో పనికొస్తుంది.

నువ్వు అడిగినదానికి: దూరం నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందే పక్కనున్న ఒక్క మనిషిని "నువ్వే మాట్లాడాలి, మిగతా అందరికీ నువ్వే చెప్పాలి" అని నియమించుకోండి. మాకు ఒక పేషెంట్‌కి పదిమంది వచ్చి పదిసార్లు ఒకటే అడుగుతారు, పదకొండోసారికి నోరు జారుతుంది.

ఇంగ్లండ్ సునీత | సోమవారం, మధ్యాహ్నం 3:20

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి నాలుగేళ్లుగా ఇక్కడ ప్రభుత్వ ఆస్పత్రిలో చేస్తున్నా. ఇక్కడ గొడవలు లేవని కాదు. తాగి వచ్చేవాళ్లు, రంగు చూసి మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఒక పెద్దాయన కొడుకు నా ఎదురుగానే "మా నాన్నకి ఇక్కడి నర్సు కావాలి" అన్నాడు. తేడా ఎక్కడంటే, ఆ మాట విన్న వెంటనే మా వార్డు మేనేజర్ వచ్చి నా పక్కన నిలబడి "ఈమే ఇక్కడి నర్సు" అంది. తర్వాత ఆస్పత్రి తరఫున అతనికి హెచ్చరిక ఉత్తరం వెళ్లింది. నేను సంతకం పెట్టక్కర్లేదు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు. 2018లో అత్యవసర సేవల సిబ్బంది మీద దాడులకి ఇక్కడ ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, ఆస్పత్రి సిబ్బంది కూడా అందులో ఉన్నారు. మొదట ఏడాది వరకు శిక్ష ఉండేది, 2022లో రెండేళ్లకి పెంచారు.

మన 2008 చట్టంలో అంతకంటే ఎక్కువే ఉంది కదా పెద్దక్క చెప్పినట్టు. కానీ నేను గుంటూరులో చేసిన ఆరేళ్లలో నా పక్కన వచ్చి నిలబడ్డవాళ్లు లేరు. నేను దేశం వదిలింది జీతం కోసమే అనుకుంటారు మా చుట్టాలు.

కార్పొరేట్ సిస్టర్ | సోమవారం, సాయంత్రం 4:02

ఇంకోటి కూడా అడగాలని ఉంది, సిగ్గుపడుతూ ఆగిపోయా నిన్న. స్పెషల్ రూముల్లో రాత్రిపూట అటెండెంట్‌గా ఉండే మగవాళ్లు కొందరు బెల్ ఊరికే కొడతారు. లోపలికి వెళ్తే పేషెంట్ నిద్రపోతూ ఉంటారు, ఇతను "కాసేపు కూర్చోండి సిస్టర్, నంబర్ ఇవ్వండి" అంటాడు. ఒకడు తలుపు గడియ పెట్టబోయాడు. సూపర్‌వైజర్‌కి చెబితే "వీఐపీ పేషెంట్, నవ్వుతూ తప్పించుకో" అన్నారు. స్టాఫ్ అయితే ఆస్పత్రిలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి చెప్పొచ్చు, బయటివాళ్ల మీద ఎవరికి చెప్పాలి?

పెద్దక్క | సోమవారం, సాయంత్రం 4:35

సిగ్గు పడాల్సింది నువ్వు కాదమ్మా. బయటివాడైనా కమిటీకే చెప్పాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది కదా, అందులో 19వ సెక్షన్‌లో యజమాని బాధ్యతలు రాశారు. పనిచేసే చోటికి వచ్చి పోయేవాళ్ల నుంచి కూడా రక్షణ ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. "వీఐపీ" అని అందులో మినహాయింపు లేదు. లిఖితంగా ఇవ్వు, ఒక కాపీ మీద తేదీ వేయించుకో. ఈలోగా ఆ గదికి ఒంటరిగా వెళ్లకు, ఆయాని తీసుకెళ్లు, తలుపుకి ఏదైనా అడ్డం పెట్టి తెరిచే ఉంచు. గడియ పెట్టబోయాడంటే అది పోలీసుల దాకా పోవాల్సిన విషయం, 112కి ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అటెండెంట్ కొడుకు | సోమవారం, రాత్రి 9:18

నేను నిన్న రాసినదాంట్లో ఏదీ వెనక్కి తీసుకోను, కానీ ఇది చదివాక ఇంకోటి చేర్చాలి. మా వార్డులో సాయంత్రం ఆరింటికి ఒక సిస్టర్ రోజూ అయిదు నిమిషాలు అటెండెంట్లందరినీ గుమ్మం దగ్గరికి పిలిచి "ఇవాళ మీవాళ్లకి ఇది జరిగింది, రేపు ఇది ఉంది" అని చెప్పేవారు. ఆవిడ డ్యూటీ ఉన్న వారం ఎవరూ అరవలేదు. ఆవిడ మారగానే మళ్లీ గోల. ఇది పై నుంచి ఆర్డర్ వేస్తే అన్ని వార్డుల్లో జరగదా?

క్యాజువాలిటీ బ్రదర్ | సోమవారం, రాత్రి 9:44

జరుగుతుంది అన్నా, 46 మందికి ఇద్దరు నర్సులు కాకుండా ఉంటే. ఆ సిస్టర్ ఆ అయిదు నిమిషాలు తన టీ టైమ్‌లోంచి ఇచ్చి ఉంటుంది.

నైట్‌డ్యూటీ రమ | బుధవారం, ఉదయం 9:05

అందరికీ చెబుదామని వచ్చా. ఎంఎల్‌సీ ఆదివారమే రాయించుకున్నా. సోమవారం రాసి ఇచ్చా. ఇన్‌ఛార్జి సిస్టర్ మొదట తీసుకోలేదు, పెద్దక్క చెప్పిన చట్టం పేరు చెబితే సూపరింటెండెంట్ గారి దగ్గరికి తనే తీసుకెళ్లారు. కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మని ఆస్పత్రిలోనే అత్యాచారం చేసి చంపిన ఘోరం తర్వాత, 2024 ఆగస్టులో, దాడి జరిగిన 6 గంటల్లో ఆస్పత్రి అధిపతే సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ వేయించాలని కేంద్ర ఆరోగ్య శాఖ కేంద్ర ఆస్పత్రులకి ఉత్తర్వు ఇచ్చింది కదా, డ్యూటీ డాక్టర్ గారు అది ఫోన్‌లో చూపించి మనమూ ఇలాగే చేయాలి సార్ అన్నారు. 6 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, అయినా ఆస్పత్రి పేరు మీదే కంప్లైంట్ వెళ్లింది. నా పేరు సాక్షిగా ఉంది. వీడియో తీసిన కుర్రాడే ఆ వీడియో పోలీసులకి ఇచ్చాడట, అందులో టీ గ్లాసు కూడా కనపడుతోంది. ఇక్కడి నుంచి ఏమవుతుందో చూడాలి. రాజీకి రమ్మని నిన్న రెండు ఫోన్లు వచ్చాయి.

పేషెంట్‌కి ఊపిరితిత్తుల్లోకి టీ పోయినందువల్ల న్యుమోనియా వచ్చింది, ఐసీయూకి మార్చారు, నిన్నటి నుంచి జ్వరం తగ్గుతోంది. ఆయన భార్య ఐసీయూ బయట మెట్ల దగ్గర చాప వేసుకుంది. రాత్రి డ్యూటీకి వెళ్తుంటే నన్ను ఆపి, "సిస్టర్, లోపల రెండు గంటలకోసారి పెడుతున్నారో లేదో ఒక్కసారి చూసి చెప్పరా" అని అడిగింది. వెళ్లి చూసి వచ్చా. పెడుతున్నారు, చార్టులో టైమ్‌తో సహా రాస్తున్నారు అని చెప్పా.

పెద్దక్క | బుధవారం, ఉదయం 9:20

రాజీ ఫోన్లు ఎత్తకు తల్లీ. నంబర్, టైమ్ రాసి పెట్టుకో. ఎత్తాల్సి వస్తే "కంప్లైంట్ ఇచ్చింది ఆస్పత్రి, వాళ్లతో మాట్లాడండి" అను, నీ నోటితో అవునని కానీ కాదని కానీ అనకు. ఎంఎల్‌సీ కాపీ నీ దగ్గర ఉందా? లేకపోతే ఇవాళే అడిగి తీసుకో, రిజిస్టర్ నంబర్ కనపడేలా.